సిరలోకి ఎక్కిన చక్కెర: ఇమ్యునోగ్లోబ్యులిన్ చికిత్స, మూత్రపిండాల హాని
వేలాదిమంది దాతల రక్తం నుంచి ప్రతిరక్షకాలను, అంటే శరీరంలోకి చొరబడిన సూక్ష్మజీవులను గుర్తించి పట్టుకునే మాంసకృత్తులను, వేరుచేసి శుద్ధిచేసి రోగి సిరలోకి సెలైన్ మాదిరిగా ఎక్కించే చికిత్సను వైద్యులు ఐవీఐజీ అనే పొడి అక్షరాలతో పిలుస్తారు. ప్లేట్‌లెట్లు అడుగంటిన పిల్లలకు, గులియన్-బారీ సిండ్రోమ్ వచ్చి కాళ్లూ చేతులూ చచ్చుబడిన పెద్దలకు, కవసాకి వ్యాధి వల్ల గుండె ధమనులు ఉబ్బే ప్రమాదంలో పడిన పసివాళ్లకు ఇరవయ్యో శతాబ్దపు చివరి రెండు దశాబ్దాలలో ఈ మందు పెద్ద ఆసరా అయింది. అదే కాలంలో దీన్ని ఎక్కించుకున్నవారిలో కొందరికి కొద్ది రోజుల్లోనే మూత్రం తగ్గిపోయి, మూత్రపిండాలు బయటికి పంపవలసిన క్రియాటినిన్ రక్తంలో పెరిగి, డయాలసిస్ దాకా వెళ్లవలసి వచ్చింది. ఈ హానికి చాలా సందర్భాల్లో కారణం ప్రతిరక్షకాలు కావు. అవి చెడిపోకుండా ఉండటానికి సీసాలో కలిపిన సుక్రోజ్, అంటే ఇళ్లలో వాడే పంచదారే. సిరలోకి వెళ్లిన పంచదార మూత్రపిండాలను ఏం చేస్తుందో వైద్యులు 1930లలోనే చూసి, రాసి, పత్రికల్లో అచ్చువేసి ఉన్నారు. తెలిసిన సంగతి అర్ధశతాబ్దం పాటు ఎలా మరుగున పడిందో చూస్తే తప్ప ఈ దుష్ప్రభావం చరిత్ర అర్థం కాదు.

ఒక ప్రాణి రక్తంలో తయారైన రక్షణను మరొక ప్రాణికి అరువివ్వవచ్చునన్న ఆలోచన 1890లో బెర్లిన్‌లో ఎమిల్ ఫాన్ బేరింగ్, షిబాసబురో కితసాటో ధనుర్వాతం, డిఫ్తీరియా వ్యాధులపై జరిపిన పరిశోధనతో స్థిరపడింది. ఆ తర్వాత చాలాకాలం ఆ రక్షణ గుర్రపు సీరం రూపంలోనే దొరికేది. డిఫ్తీరియా నుంచి బయటపడిన పిల్లలు వారం పదిరోజులకు జ్వరం, దద్దుర్లు, కీళ్లనొప్పులతో మళ్లీ మంచమెక్కడం, కొందరి మూత్రంలో ఆల్బుమిన్ కనిపించడం గమనించి, 1905లో వియన్నా వైద్యులు క్లెమెన్స్ ఫాన్ పిర్కె, బేలా షిక్ దాన్ని సీరం జబ్బుగా వర్ణించారు. ప్రతిరక్షకాలు ఏ భాగంలో ఉంటాయో 1939లో ఆర్నె టిసెలియస్, ఎల్విన్ కబాట్ తేల్చారు. విద్యుత్ క్షేత్రంలో సీరం మాంసకృత్తులు వేర్వేరు పట్టీలుగా విడిపోయినప్పుడు అవి గామా అనే పట్టీలో చేరుతున్నాయని వారు చూపిన నాటి నుంచే ప్రతిరక్షకాలకు గామా గ్లోబ్యులిన్ అన్న పేరు వాడుకలోకి వచ్చింది.

మనిషి రక్తం నుంచే ఆ గామా గ్లోబ్యులిన్‌ను పెద్ద ఎత్తున తీసే విద్య రెండో ప్రపంచయుద్ధంతో పుట్టింది. గాయపడిన సైనికులకు ఆల్బుమిన్ అందించడం కోసం హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఎడ్విన్ కోన్ బృందం ప్లాస్మాను, అంటే రక్తకణాలు తీసివేయగా మిగిలిన ద్రవాన్ని, బాగా చల్లబరచి, ఆల్కహాల్ పాలునూ ఆమ్లత్వాన్నీ మెట్లుమెట్లుగా మారుస్తూ ఒక్కొక్క మాంసకృత్తును విడివిడిగా అడుగుకు దించే పద్ధతిని రూపొందించింది. ఐదో భాగం ఆల్బుమిన్ కాగా, ప్రతిరక్షకాలు రెండో భాగంలో తేలాయి. సైన్యానికి కావలసింది ఆల్బుమినే అయినా, ఉపఉత్పత్తిగా మిగిలిన ఆ రెండో భాగాన్ని తట్టు, కామెర్ల నివారణకు కండలోకి ఇంజెక్షన్‌గా ఇవ్వసాగారు. 1952లో అమెరికా సైనిక వైద్యుడు ఆగ్డెన్ బ్రూటన్, పదేపదే తీవ్రమైన అంటురోగాల పాలవుతున్న ఎనిమిదేళ్ల బాలుడి రక్తంలో గామా గ్లోబ్యులిన్ అసలే లేదని కనుగొని, దాన్ని బయటినుంచి నెలనెలా అందించి ఆ బాలుణ్ణి నిలబెట్టాడు. లోటును పూరించే చికిత్సగా ఈ మందు జీవితం అలా మొదలైంది. అయితే కండలోకి ఎక్కించగలిగే పరిమాణం చాలా తక్కువ, ఆ సూదిపోటు నొప్పి చాలా ఎక్కువ. అందుచేత తిన్నగా సిరలోకే ఇస్తే బాగుంటుందని వైద్యులకు తోచడం సహజమే.

ఆ ప్రయత్నం మొదట భయానకంగా పరిణమించింది. మందు ఎక్కుతుండగానే రోగులకు చలి, వణుకు, ఛాతీ బిగుతు, ఊపిరాడకపోవడం, రక్తపోటు పడిపోవడం వంటి లక్షణాలు కనిపించాయి. ప్లాస్మా నుంచి వేరుచేసే క్రమంలో ప్రతిరక్షకాల అణువులు ఒకదానికొకటి అతుక్కుని ముద్దలు కడుతున్నాయనీ, శరీరం ఆ ముద్దలను శత్రువును పట్టుకున్న ప్రతిరక్షకాలుగా పొరబడి కాంప్లిమెంట్ అనే రక్షణ మాంసకృత్తుల దండునంతటినీ ఒక్కసారిగా రెచ్చగొడుతోందనీ స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నగరంలో సిల్వియో బరండున్, ఆయన సహచరులు 1962లో వివరించారు. ద్రవాన్ని పీహెచ్ 4 దాకా ఆమ్లీకరించినా, పెప్సిన్ అనే జీర్ణ ఎంజైముతో తాకించినా ఆ ముద్దల ఉపద్రవం తగ్గుతుందని కూడా వారు చూపారు. ఎక్కువ పెప్సిన్ వాడితే ప్రతిరక్షకం తోకభాగం తెగిపోయి, శరీరంలో ఎక్కువకాలం నిలవదు. అందుచేత ఆమ్లాన్నీ, లేశమాత్రపు పెప్సిన్‌నూ కలిపి వాడే మధ్యేమార్గం బెర్న్‌లోని స్విస్ రెడ్‌క్రాస్ కేంద్ర ప్రయోగశాలలో కుదురుకుని, 1970ల చివరికి సాండోజ్ సంస్థ ద్వారా సాండోగ్లోబ్యులిన్ పేరుతో బజారుకు వచ్చింది.

ఈ మందును గడ్డకట్టించి, శూన్యంలో నీరు లాగేసి, పొడిగా నిల్వచేసేవారు. నీరు పోయేటప్పుడు అణువులు మళ్లీ ముద్దకట్టకుండా వాటి మధ్య ఏదైనా ఒక పదార్థం అడ్డుగా నిలవాలి. చవకైనదీ, నీటిలో తేలికగా కరిగేదీ, మాంసకృత్తుతో రసాయన చర్య జరపనిదీ అయిన సుక్రోజ్‌ను అందుకు ఎంచుకున్నారు. సాండోగ్లోబ్యులిన్‌లో ఒక గ్రాము ప్రతిరక్షకానికి 1.67 గ్రాముల సుక్రోజ్ ఉండేది. అంటే సీసాలో మందుకన్నా పంచదారే ఎక్కువ. పోనీ, దాన్ని నిర్లక్ష్యంతో కలిపారని అనడానికి కూడా వీల్లేదు. ఒక ప్రాణాంతకమైన ప్రతిచర్యను అరికట్టడానికి ఎంతో ఆలోచించి చేర్చిన పదార్థమే అది. తయారీదారుల దృష్టిలో సుక్రోజ్ జడపదార్థం.

అది జడపదార్థమన్న నమ్మకం అంతకుముందే ఒకసారి పుట్టి, చెడింది. మెదడు వాచి తలలో ఒత్తిడి పెరిగిన రోగులకు సిరలోకి గాఢమైన ద్రావణం ఎక్కించి, మెదడు కణజాలం నుంచి నీటిని రక్తంలోకి లాగే పద్ధతి ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాలలో వాడుకలోకి వచ్చింది. మొదట్లో గ్లూకోజ్ కూడా వాడారు; కానీ శరీరం గ్లూకోజ్‌ను ఖర్చుచేసుకోగానే నీరు తిరిగి మెదడులోకి చేరి ఒత్తిడి మళ్లీ పెరిగేది. సుక్రోజ్‌కు ఆ దోషం లేదు. నోటితో తిన్నప్పుడు దాన్ని గ్లూకోజ్‌గా, ఫ్రక్టోజ్‌గా విరిచే ఎంజైము పేగు గోడలో ఉంటుంది గాని రక్తంలో ఉండదు. అందువల్ల సిరలోకి ఇచ్చిన సుక్రోజ్ ఖర్చుకాకుండా, మారకుండా మూత్రంలో బయటికి పోతుంది. వైద్యులకు ఇది మేలనిపించడంతో 1930లలో యాభై శాతం సుక్రోజ్ ద్రావణం తలలో ఒత్తిడి తగ్గించడానికీ, వాపు రోగుల్లో మూత్రం ఎక్కువగా జారీ చేయించడానికీ ఆసుపత్రుల్లో మామూలుగా వాడే మందు అయింది.

1933లో మేయో క్లినిక్‌కు చెందిన హెన్రీ హెల్మ్‌హోల్జ్ అదే ద్రావణాన్ని కుందేళ్ల సిరల్లోకి ఎక్కించి మూత్రపిండాలను సూక్ష్మదర్శిని కింద పరీక్షించాడు. వడపోత గుచ్ఛాలు, అంటే రక్తాన్ని జల్లెడపట్టే సన్నని కేశనాళికల ఉండలు, చెక్కుచెదరలేదు. వాటి తర్వాత వచ్చే నాళికల గోడల్లోని కణాలు మాత్రం బుడగలతో నిండి ఉబ్బి, నాళిక దారిని ఇరుకు చేశాయి. 1940లో ఆండర్సన్, బెథియా అనే ఇద్దరు వైద్యులు అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో, సుక్రోజ్ ఎక్కించిన తర్వాత మరణించిన ఆరుగురు మనుషుల మూత్రపిండాల్లో అలాంటి మార్పులనే వర్ణించారు. ఆ రోగుల్లో పలువురు అంతకుముందే తీవ్రమైన జబ్బుతో ఉన్నారు గనుక మరణానికి కారణం పంచదారేనని తేల్చడం కష్టమే అయినా, మూత్రపిండంలో కనిపించిన మార్పు పంచదార చేసిందేనన్న విషయంలో పెద్దగా అనుమానం మిగలలేదు. క్రమంగా సుక్రోజ్ ఆసుపత్రుల నుంచి తప్పుకుంది. 1950లలో యూరియా, 1960లలో మానిటాల్ దాని స్థానంలోకి వచ్చాయి. వైద్యులు దాన్ని వాడటం మానుకున్నారు గాని ఎందుకు మానుకున్నారో చెప్పే నిషేధం గాని, హెచ్చరిక గాని ఎక్కడా మిగలలేదు. మెరుగైన మందు రావడంతో పాతది దానంతటదే పాతబడిపోయింది, దానితో పాటు దాని దోషం కూడా. మందులో కలిపిన ద్రావకం మూత్రపిండాలను చంపగలదని 1930ల దశాబ్దమే మరింత క్రూరంగా చూపించింది: 1937లో అమెరికాలో డైఇథైలీన్ గ్లైకాల్‌లో కరిగించిన సల్ఫనిలమైడ్ మందు తాగి వందమందికి పైగా మరణించాక, 1938లో కొత్త ఔషధ చట్టమే వచ్చింది. సుక్రోజ్ విషయంలో అంతటి గగ్గోలు లేవలేదు.

మరుగున పడిన ఈ జ్ఞానం ప్రయోగశాలల్లో మాత్రం బతికే ఉంది. 1962లో ట్రంప్, జానిగన్ అనే పరిశోధకులు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూసి, సుక్రోజ్ నెఫ్రోసిస్ అని పిలిచే ఆ మార్పులో బుడగలు ఎక్కడి నుంచి పుడుతున్నాయో వివరించారు. సుక్రోజ్ అణువు చిన్నది గనుక వడపోత గుచ్ఛం గుండా సులువుగా జారి నాళికలోకి వస్తుంది. నాళిక మొదటి భాగంలోని కణాలు తమ పొరను లోపలికి ముడుచుకుని ద్రవాన్ని గుక్కలు గుక్కలుగా మింగుతాయి. మింగినదాన్ని కణంలోని జీర్ణసంచులైన లైసోజోములకు చేరుస్తాయి. వాటిలో సుక్రోజ్‌ను విరిచే ఎంజైము లేదు. చక్కెర అక్కడే చిక్కుకుని తన చుట్టూ నీటిని లాక్కోగా, కణం నానబెట్టిన శనగగింజలా ఉబ్బి నాళిక మార్గాన్ని మూసేస్తుంది. కణశాస్త్రవేత్తలు ఇదే లక్షణాన్ని తమ పనికి వాడుకున్నారు కూడా. లైసోజోములను ఉబ్బించి వాటి తీరుతెన్నులను పరిశీలించడానికి 1960ల చివర వారు కణాలకు కావాలనే సుక్రోజ్ తినిపించారు. ఒక శాస్త్రశాఖకు అది నిత్యం చేతిలో ఆడే పనిముట్టు; పక్కనే ఉన్న మందుల తయారీ శాఖకు అది హానిలేని పూరక పదార్థం.

బ్రూటన్ నాటి వాడకంలోనే ఈ మందు ఉండిపోయి ఉంటే, సుక్రోజ్ సంగతి బహుశా ఎప్పటికీ బయటపడేది కాదు. లోటు పూరించడానికి నెలకొకసారి కిలో బరువుకు 0.2 నుంచి 0.4 గ్రాముల మోతాదు సరిపోయేది. దాన్ని తీసుకునేవారిలో పిల్లలు, యువకులే ఎక్కువ. 1981లో బెర్న్‌లోని పిల్లల వైద్యుడు పాల్ ఇంబాహ్ ఈ లెక్కను తలకిందులు చేశాడు. ప్లేట్‌లెట్లను శరీరమే నాశనం చేసుకునే ఐటీపీ అనే వ్యాధి ఉన్న పిల్లలకు వరుసగా ఐదు రోజులు, రోజుకు కిలోకు 0.4 గ్రాముల చొప్పున ఎక్కిస్తే ప్లేట్‌లెట్లు వేగంగా పెరిగాయని ఆయన బృందం లాన్సెట్ పత్రికలో ప్రకటించింది. దానితో ఈ మందు లోటు పూరించేది మాత్రమే గాక, దారితప్పిన రోగనిరోధక వ్యవస్థను శాంతింపజేసేది కూడా అయింది. 1984లో జపాన్ వైద్యులు కవసాకి వ్యాధిలో, 1992లో నెదర్లాండ్స్ వైద్యులు గులియన్-బారీ సిండ్రోమ్‌లో దీని ప్రయోజనాన్ని చూపారు. మొత్తం మోతాదు కిలోకు 2 గ్రాములకు చేరింది. డెబ్భై కిలోల మనిషికి అది 140 గ్రాముల ప్రతిరక్షకం. సాండోగ్లోబ్యులిన్ పాళ్లలో లెక్కిస్తే దానితోపాటు ఐదు రోజుల్లో సిరలోకి వెళ్లే సుక్రోజ్ దాదాపు 234 గ్రాములు. హెల్మ్‌హోల్జ్ కుందేళ్ల ప్రయోగం ఇప్పుడు ఎవరూ ఉద్దేశించకుండానే మనుషుల్లో జరగసాగింది. ఇంబాహ్ చూసిన పిల్లల మూత్రపిండాలు ఆరోగ్యంగా ఉండటం వల్ల ఆ భారాన్ని మోయగలిగాయి; కొత్తగా చేరిన రోగుల్లో అరవై దాటినవారు, మధుమేహులు, మూత్రపిండాలు ఇంతకుముందే సగం చెడినవారు ఎందరో ఉన్నారు.

1980ల చివర్లో ఒక వైద్యపత్రికలో, ఐటీపీ కోసం పెద్ద మోతాదు ఎక్కించాక మూత్రపిండాలు విఫలమైన సంఘటన అచ్చయింది. తర్వాతి పదేళ్లలో అలాంటివి ఒకటీ అరగా వైద్యపత్రికల్లో వెలువడుతూ వచ్చాయి. వాటి తీరు దాదాపు ఒకటే: మందు మొదలుపెట్టిన నాలుగైదు రోజులకు మూత్రం తగ్గడం, క్రియాటినిన్ ఎగబాకడం, మందు ఆపిన తర్వాత ఒకటి రెండు వారాల్లో చాలామంది కోలుకోవడం. 1994 నాటికి మూత్రపిండం నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించినవారికి సూక్ష్మదర్శినిలో కనిపించినవి ఉబ్బిన నాళికా కణాలే. 1997లో యేల్ విశ్వవిద్యాలయ వైద్యులు తమ ఇద్దరు రోగుల వివరాలతోపాటు అంతవరకు వెలువడిన సంఘటనలన్నింటినీ గుదిగుచ్చి విశ్లేషించారు.

వాటిని కలిపి చూడటానికి అన్నేళ్లు ఎందుకు పట్టిందన్న ప్రశ్నకు ఒక జవాబు, ఆ కాలపు భయాల్లో ఉంది. 1980లలో ఎయిడ్స్ వైరస్, ఆ తర్వాత హెపటైటిస్ సి రక్త ఉత్పత్తుల ద్వారా వ్యాపించడంతో తయారీదారుల, నియంత్రణ సంస్థల దృష్టంతా దాతల రక్తంలో దాగిన క్రిముల మీదే నిలిచింది. 1994లో హెపటైటిస్ సి కారణంగా గామగార్డ్ అనే ఇమ్యునోగ్లోబ్యులిన్ మందును అమెరికా బజారు నుంచి వెనక్కి తీసుకున్నారు కూడా. రక్తం నుంచి వచ్చినది ప్రమాదకరం, బయటినుంచి కలిపినది సురక్షితం అన్న అంచనా ఆ వాతావరణంలో బలపడింది. రెండో జవాబు మరీ సాధారణమైనది: రోగి ముందే తీవ్ర అనారోగ్యంతో ఉన్నప్పుడు మూత్రపిండాలు చెడితే, ఆ నింద జబ్బు మీదికి పోతుందే గాని మందు మీదికి పోదు.

1998 నవంబరులో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ వైద్యులందరికీ ఒక హెచ్చరిక లేఖ రాసింది. 1981 నుంచి ప్రపంచవ్యాప్తంగా 114కు పైగా మూత్రపిండ వైఫల్య సంఘటనలు తమ దృష్టికి వచ్చాయనీ, వాటిలో సుమారు 83 అమెరికాలోనివేననీ, 17 మంది మరణించారనీ, సుక్రోజ్ ఉన్న మందులలో ప్రమాదం ఎక్కువగా ఉన్నట్టు కనిపిస్తోందనీ అందులో పేర్కొంది. 1999 జూన్‌లో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రాల వారపత్రిక ఈ సంఘటనలను మరింత వివరంగా ప్రకటించింది. నివేదికల్లో దాదాపు తొంభై శాతం సుక్రోజ్ కలిసిన మందులకు సంబంధించినవి, దాదాపు నలభై శాతం మందికి డయాలసిస్ అవసరమైంది. స్వచ్ఛందంగా అందిన నివేదికలను బట్టి ఎంతమందిలో ఒకరికి హాని జరుగుతుందో లెక్కగట్టలేము. కానీ సుక్రోజ్ వైపు ఇంత మొగ్గు ఉండటం కాకతాళీయమని ఆ తర్వాత ఎవరూ వాదించలేదు. సూచనలు నిరాడంబరంగా ఉన్నాయి: మందుకు ముందు రోగి ఒంట్లో తగినంత నీరు ఉండేలా చూడటం, క్రియాటినిన్ పరీక్షించడం, మోతాదును రోజుల మీదికి పంచడం, సుక్రోజ్ వేగం కిలో బరువుకు నిమిషానికి 3 మిల్లీగ్రాములు మించకుండా నెమ్మదిగా ఎక్కించడం. మందు కరపత్రంలో నల్లని చట్రంలో హెచ్చరిక అచ్చు వేయడం కూడా ఆ కాలంలోనే మొదలైంది.

సుక్రోజ్‌ను తీసేస్తే దాని పని ఎవరు చేయాలన్న ప్రశ్నకు ఒక్కో తయారీదారు ఒక్కో జవాబు చెప్పుకున్నాడు. మాల్టోజ్ కూడా రెండు చక్కెరల జంటే, కానీ దాన్ని విరిచే ఎంజైము మూత్రపిండ నాళికల కణాల అంచులోనే ఉంది గనుక అది పేరుకుపోదు. అయితే దానికీ ఒక చిక్కు ఉంది: ఒక రకం గ్లూకోమీటర్లు మాల్టోజ్‌ను గ్లూకోజ్‌గా పొరబడి రక్తంలో చక్కెర ఎక్కువ ఉన్నట్టు చూపగా, దాన్ని నమ్మి ఇన్సులిన్ ఇచ్చినప్పుడు రోగుల చక్కెర ప్రమాదకరంగా పడిపోయిన సంఘటనలు జరిగి, మళ్లీ హెచ్చరికలు వెలువడ్డాయి. సార్బిటాల్ వాడినవారు పుట్టుకతో ఫ్రక్టోజ్ పడని రోగుల గురించి, ప్రోలిన్ వాడినవారు ఆ అమైనో ఆమ్లాన్ని ఖర్చుచేసుకోలేని రోగుల గురించి జాగ్రత్త చెప్పవలసి వచ్చింది. పొడి రూపమే అక్కరలేకుండా, ఆమ్ల ద్రవంలో గ్లైసిన్‌తో నిల్వచేసే పది శాతం ద్రావణాలు 2000ల తర్వాత పుంజుకోవడంతో సుక్రోజ్ మందులు క్రమంగా అరుదయ్యాయి.

పంచదార పోయినంత మాత్రాన మూత్రపిండాలకు పూర్తి రక్షణ దొరకలేదు. దాతల ప్లాస్మాలో ఏ, బీ రక్తవర్గాలకు వ్యతిరేకమైన ప్రతిరక్షకాలు సహజంగానే ఉంటాయి. పెద్ద మోతాదు ఎక్కించినప్పుడు అవి రోగి ఎర్రకణాలను పగలగొడితే, బయటపడిన హిమోగ్లోబిన్ నాళికలను దెబ్బతీస్తుంది. చల్లదనానికి గడ్డకట్టే క్రయోగ్లోబ్యులిన్లు ముందే ఉన్న రోగికి ఈ మందు ఇస్తే, అవి దానితో జతకట్టి వడపోత గుచ్ఛాల్లో పేరుకుపోవచ్చునని 1987లోనే అమెరికా వైద్యులు రాశారు. ఇక్కడ నింద పంచదారది కాదు, ప్రతిరక్షకానిదే. మార్పిడి చేసిన మూత్రపిండాన్ని శరీరం తిరస్కరించకుండా చూడటానికి వాడే మందుల్లో కూడా ఇమ్యునోగ్లోబ్యులిన్ ఒకటి గనుక, ఏ అవయవాన్ని కాపాడటానికి ఇస్తున్నారో దానికే హాని జరిగే అవకాశాన్ని వైద్యులు లెక్కలోకి తీసుకోవలసి వస్తుంది.

2025 తొలి నెలల్లో పుణెలో గులియన్-బారీ సిండ్రోమ్ కేసులు ఒక్కసారిగా పెరిగి, గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలో కూడా ఆ రోగులు చేరినప్పుడు, ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇంజెక్షన్ల పేరు తెలుగు పత్రికల మొదటి పుటల్లోకి వచ్చింది. చర్చ ప్రధానంగా ధర, నిల్వల చుట్టూ సాగింది. అది సహజమే, ఒక రోగికి ఐదు రోజుల మందు లక్షల రూపాయలు మింగుతుంది. సీసాలో ప్రతిరక్షకంతోపాటు ఏం కలిపారన్నది పెట్టె మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది. అమెరికాలో అమ్మే సిర ఇమ్యునోగ్లోబ్యులిన్ మందుల కరపత్రాల్లో, సుక్రోజ్ ఉన్నవాటిలో మూత్రపిండ వైఫల్యం ఎక్కువగా కనిపిస్తుందన్న వాక్యం నేటికీ నల్లని చట్రంలో అచ్చవుతూనే ఉంది; సుక్రోజ్ లేని మందుల కరపత్రాల్లో ఆ వాక్యం వెంబడే, ఈ మందులో సుక్రోజ్ లేదని మరో వాక్యం చేరుస్తారు.